పద్దెనిమిది రోజుల బట్ట మీద రెండు గంటెల మామిడి రసం

నాకు లెక్కలు బాగా వచ్చని అనుకునేదాన్ని. మొన్నటితో ఆ భ్రమ పోయింది, వినండి.

మా ఊరి సుబేదారిలో డిజైన్ పోటీ పెట్టారు. తొమ్మిది మందిలో ముగ్గురికే వర్క్‌షాప్‌లో సీటు. నేను లాంప్ షేడ్ చేస్తానని పేరిచ్చాను. గుడ్డతో కాదు, కాగితంతో కాదు, బ్యాక్టీరియాతో! చక్కెర కలిపిన టీ డికాక్షన్‌లో వేస్తే అవి పైన మందంగా ఒక పొర అల్లుతాయి. అలాంటి పొరనే శుద్ధి చేసి, దవాఖానల్లో కాలిన గాయాల మీద పరుస్తారట. మా ప్లాస్టిక్ టబ్బులో రోజుకు అర మిల్లీమీటరు చొప్పున పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది మిల్లీమీటర్లు పెరిగింది. కడిగి వెలుతురుకు పట్టి చూస్తే ఒళ్ళు జలదరించింది. మగ్గం లేదు, నేసే మనిషి లేడు. కంటికి కనిపించని ప్రాణులు నేసిన బట్ట అది.

పోటీకి ముందురోజు పొద్దున డాబా మీద పాత చీర పరిచి ఆ బట్టను ఆరేశాను. కాకులు రాకుండా జర చూడమని నానమ్మకు చెప్పాను. అదేందని అడిగింది. వివరించాలంటే ఆరు నిమిషాలు. ఆమె మూడుసార్లు చెప్పించుకుంటుంది. పద్దెనిమిది నిమిషాలు ఎక్కడివి? చక్కెరతో చేసిందేలే అని, వైరూ బల్బూ కొనడానికి బజారుకు పోయాను.

సాయంత్రం నాలుగింటికి వచ్చి చూస్తే గోధుమరంగు బట్ట పసుప్పచ్చగా మెరుస్తోంది. పక్కన గంటె పట్టుకుని నానమ్మ.

"తాండ్ర ఒక్క పొరే పోసినవ్ బిడ్డా. కొస తుంచి నోట్లె ఏసుకున్న, పుల్లగున్నది. రెండు గంటెల మామిడి రసం పోసిన."

గంటె లాక్కున్నాను. మళ్ళీ పెంచాలంటే పద్దెనిమిది రోజులు. పోటీకి ఉన్నవి పద్దెనిమిది గంటలు. చేసేదేముంది, ఫ్యాన్ కింద ఆరబెట్టి, తీగకు చుట్టి పట్టుకుపోయాను.

అక్కడ హాల్లో స్విచ్ వేశాను. మామిడి పీచు సన్నటి బంగారు నరాల్లా పొరంతా పాకి ఉంది. లోపల ప్రాణమేదో ఊపిరి తీస్తున్నట్టే ఉంది. నేనే నోరు తెరుచుకుని చూస్తున్నాను. జడ్జి మేడమ్ దగ్గరికి వచ్చి, ఈ రంగుకు ప్రొపోర్షన్ ఎంతని అడిగింది. నా నోట్‌బుక్‌లో పద్దెనిమిది రోజుల టెంపరేచర్లున్నాయి. దాన్ని మూసేసి చెప్పాను.

"రెండు గంటెలు, మేడమ్."

సీటు వచ్చింది. ఇంటికొచ్చి నానమ్మను కూర్చోబెట్టి అంతా వివరించాను. ఆరు నిమిషాలు కాదు, గంటంబావు పట్టింది. చివరిదాకా విని ఒక్కటే అంది.

"పుండ్లకు కట్టేదాన్ని బల్బుకు కట్టినవ్. తాండ్ర అనుకున్న నాకు తెలివి లేదంటవా?"