ముళ్ళు దూరం జరిగేదాకా

మంగళవారం పొద్దున మా పక్కింటి టీచరమ్మ నెల్లూరు ఆసుపత్రిలో పోయారని ఫోను వచ్చింది. నేను జాకెట్టుకు కాజాలు కుడుతున్నాను. సూది కింద పడేసి ఆవిడ పెరట్లోని లక్ష్మణఫలం చెట్టు దగ్గరికి పరుగెత్తాను. ఎందుకో నాకే తెలియదు. అక్కడ కాయ లేదని తెలుసు, కోసింది నేనేగా!

ఆ చెట్టు మూడేళ్ళు పూసి రాలింది, ఒక్క పిందె లేదు. నేనైతే ఎప్పుడో కొట్టేయించేదాన్ని. రిటైరైన సైన్సు టీచరు ఊరుకుంటారా? చేతిలో చాక్‌పీసు లేకపోయినా గాలిలో బొమ్మ గీసి, "ఒకే పువ్వులో ఆడా మగా ఉన్నా వేళలు కలవవమ్మే" అని చెప్పారు. నిన్న విచ్చిన పువ్వు పుప్పొడిని బ్రష్‌తో ఈరోజు విచ్చినదానికి అద్దారు. పిందె ముదురు మానుకే పట్టింది, ఒళ్ళంతా ముళ్ళతో. తొలికాయను కోత పండుగనాడు చర్చిలో పెట్టాలని ఆవిడ కోరిక.

నాకు కుదురు తక్కువ. రోజుకు మూడుసార్లు వెళ్ళి నొక్కి చూసేదాన్ని.

"అట్ట పిసకబాక! కాయ ఊరి ముళ్ళు ఒకదానికొకటి దూరం జరిగి, రంగు తేలితేనే కొయ్యాల. అప్పుడు కూడా గట్టిగానే ఉంటది. ఇంట్లో నాలుగు రోజులకి మెత్తబడతది."

పండుగకు వారం ముందు ఆయాసమొచ్చి ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. రోజూ ఫోనులో ఒకటే ప్రశ్న: "ముళ్ళు దూరం జరిగినాయా?"

జరగలేదు. అయినా పండుగ ముందురోజు ఆగలేక కోసేశాను. "జరిగినాయి టీచరమ్మా. కోస్తుంటేనే మెత్తగా తగిలింది" అన్నాను. ఆవిడ నవ్వి, "మంచిపని చేసినావులే" అన్నారు. ఆ కాయ పండలేదు. రాయిలా గట్టిపడి నల్లబడిందని పాస్టరమ్మ గారు తిరిగిచ్చేశారు. ఆ మాట టీచరమ్మకు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

సమాధి దగ్గర నుంచి వస్తుంటే టీచరమ్మ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"మెత్తగా తగిలిందన్నావంట గదా! 'పచ్చిది కోసేసింది, పాపం, చెప్పలేకపోతా ఉంది' అని అక్క ఒకటే నవ్వింది. మాను వెనకాల ఇంకోటి దాచిపెట్టిందంట. 'నేనొచ్చిందాకా దానికి చెప్పబాక, కోసేస్తది' అనింది."

సిగ్గుతో, దుఃఖంతో అక్కడే ఏడ్చేశాను.

ఆ కాయ మానుకే గోడవైపు ఉంది, చిన్న గుడ్డసంచిలో. ఆ సంచి నేను కుట్టిచ్చిందే. దేనికని అడిగితే "పనుంది" అన్నారప్పుడు.

ఇప్పుడూ రోజుకు మూడుసార్లు వెళ్తున్నాను. సంచి ముడి విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను. "ఇంకా జరగలేదు టీచరమ్మా" అని ఉన్నమాట చెప్పి, మళ్ళీ ముడి వేసి వస్తాను.