రెస్పాండెంట్ అన్నచోట నా పేరు

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో, నోవై పక్కనున్న ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఒక సర్వే ఆఫీసులో చేరాను. ఏ సబ్బు వాడతారు, టీవీ ఎన్ని గంటలు చూస్తారు అని ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోన్ చేసి అడగడం నా ఉద్యోగం. మొదటి రోజే మా సూపర్‌వైజరు, నెరిసిన జుట్టావిడ, ఒక మాట నేర్పింది.

"ఫోన్ ఎత్తినవాళ్లను కస్టమర్లు అనకు. రెస్పాండెంట్లు అను. నీకు జవాబు చెప్పి తీరాలన్న రూలేం లేదు వాళ్లకి. చెప్పారంటే అది వాళ్ల మంచితనం."

ఆ మాట నాకు బాగా నచ్చింది. నా యాస వినగానే ఠక్కున ఫోన్ పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఎవరో ఒకరు మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పేవారు. ఒక పెద్దావిడ సబ్బు గురించి అడిగితే, పోయిన భర్త చొక్కాలు తానెలా ఉతికేదో చెప్పుకొచ్చింది. మా ఫారంలో దానికి గడి లేదు. అయినా పూర్తిగా విన్నాను. రెస్పాండెంట్ అంటే నా మనసులో అలాంటి మనిషే.

రెండేళ్ల తర్వాత అదే మాట మా ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. మా ఊరి మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అది. పైన కంప్లయినెంట్, అంటే ఫిర్యాదు చేసినవారు, అన్నచోట మా పక్కింటాయన పేరు, కింద రెస్పాండెంట్ అన్నచోట నా పేరు. ఇల్లు కొన్నప్పుడు కాగితాల్లో నా పేరే ముందుంది, అందుకని.

ఆదివారం సాయంత్రాలు మా బేస్‌మెంట్లో ఏడు తెలుగు కుటుంబాలు ప్రార్థనకు కూడేవి. అందరం గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్లమే. అప్పటికి మాకు వేరే చర్చి లేదు. ఇంటిని చర్చిలా వాడుతున్నామనీ, కార్లతో వీధి నింపేస్తున్నామనీ ఫిర్యాదు. విచారణకు రమ్మన్నారు.

ఇలాంటి కాగితాల్లో రెస్పాండెంట్ అంటే ప్రతివాది. మా నాన్నగారు లాయరు దగ్గర గుమాస్తాగా చేశారు. మా ఇంట్లో ప్రతివాది అన్న మాట ఎప్పుడూ గొంతు తగ్గించే పలికేవారు.

"సారీ చెప్పేసి ఆపేద్దాం. మన గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు. ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు మా ఆయన.

"తప్పేంటో తెలియకుండా సారీ ఎలా చెప్తానండీ? నన్ను అడిగారు. నేనే ఆన్సర్ చేస్తాను" అన్నాను.

మాకు ప్రార్థన చేయించే పెద్దాయన్ని అందరం అయ్యగారూ అనేవాళ్లం. ఆయన లాయర్ని మాట్లాడదామా అన్నారు. వద్దన్నాను. రోజూ పరాయివాళ్లను ప్రశ్నలు అడిగేదాన్ని, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేనా అనిపించింది.

విచారణ గదిలో బల్ల వెనక ఊరి బోర్డు సభ్యులు ఐదుగురు కూర్చున్నారు. పక్కింటాయన కోటు వేసుకుని వచ్చాడు. రిటైరైన మనిషి. మూడేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నా మా మధ్య చెయ్యి ఊపుకోవడమే తప్ప మాటల్లేవు. ఆయన పాటల గురించి చెప్పాడు, మనుషుల రాకపోకల గురించి చెప్పాడు. చివర్లో అసలు సంగతి చెప్పాడు.

"అక్టోబరులో ఒక ఆదివారం నా భార్యకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే నా కారు బయటికొచ్చే డ్రైవ్‌వేకి అడ్డంగా ఎవరిదో కారు. వాళ్ల తలుపు కొట్టాను. పాటల్లో ఎవరికీ వినిపించలేదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రంతా కూర్చుని రాసుకున్న జవాబు కాగితం చేతిలో ఉంది. దాన్ని మడిచి బ్యాగ్‌లో పెట్టేశాను.

బోర్డు అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "రెస్పాండెంట్ ఏం చెప్తారు?"

లేచి నిలబడ్డాను. ముందు బల్ల వైపు కాదు, పక్కింటాయన వైపు తిరిగాను.

"ఆ కారు మా ఇంటికొచ్చినవాళ్లదే. మీరు తలుపు కొట్టారని నాకు తెలియదు, కానీ తెలుసుకోవాల్సింది నేనే. అది మా తప్పు. క్షమించండి. మీ భార్యకు ఇప్పుడెలా ఉంది?"

ఆయన కోటు గుండీ సర్దుకున్నాడు. "ఇంట్లోనే ఉంది. నయంగా ఉంది" అన్నాడు.

అప్పుడు బల్ల వైపు తిరిగాను. "కార్లు ఇక మా వీధిలో ఉండవు. కానీ ఇంటికి స్నేహితులను పిలవడం, నా భాషలో ప్రార్థన చేసుకోవడం తప్పని ఎవరైనా అంటే, దానికి మాత్రం సారీ చెప్పను. మా వీధి ఇళ్లలో టీవీలో ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి ఇంతకంటే ఎక్కువమంది కూడతారు. వాళ్లకు ఈ ఉత్తరం వెళ్లలేదు."

వెనక కూర్చున్నవాళ్లలో ఎవరో నవ్వారు. నా యాస నాకే గట్టిగా వినిపించింది. అయినా గొంతు తగ్గించలేదు.

వాళ్లు పావుగంట మాట్లాడుకున్నారు. ప్రార్థన కూటం ఇంట్లో జరుపుకోవచ్చు, కార్లు మాత్రం వీధి చివరి స్కూలు దగ్గర పెట్టుకోవాలి, పాటలు ఎనిమిదింటికి ఆపాలి అన్నారు. బయటికొస్తుంటే పక్కింటాయన నా కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. థాంక్యూ చెప్పి దాటాను.

కార్లో మా ఆయన హీటర్ వేశారు. తర్వాత, "నేనైతే తప్పు ఒప్పుకునేవాణ్ని, లేదా పోట్లాడేవాణ్ని. రెండూ ఒకేసారి చెయ్యొచ్చని తెలీదోయ్" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నోట నేను విన్న పెద్ద మెచ్చుకోలు అదే.

ఆ తర్వాతి ఆదివారం మంచు పడింది. మా కారు మా డ్రైవ్‌వేలోనే పెట్టుకోవచ్చు, అయినా మేమూ అందరితోపాటే నడవాలనుకున్నాం. ఏడు కుటుంబాలూ స్కూలు దగ్గర కార్లు ఆపి, పిల్లల్ని ఎత్తుకుని, బైబిళ్లు కోట్ల లోపల దాచుకుని, పులిహోర గిన్నెలు పట్టుకుని వీధంతా నడిచొచ్చాం. చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. అందరికంటే ముందు నేను నడిచాను, తల ఎత్తుకుని.