గొల్లకావిడి కింద గులాబీ మరక

ఆ మరకను మొదటిసారి చూసినప్పుడు నేను చేసిన పని లెన్స్ తుడవడం.

గట్టు అనే ఊరి దగ్గర ఒక పెళ్లి. నేను పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. గద్వాలలో చిన్న దుకాణం, చుట్టుపక్కల ఎక్కడ పందిరి వేసినా కెమెరా భుజాన వేసుకుని పోతాను. ఆ సాయంత్రం సరిగ్గా ఎదుర్కోళ్ల సమయానికి కరెంటు పోయింది. జనరేటర్ మనిషి డీజిల్ కోసం పోయాడు. డీజిలూ రాలేదు, మనిషీ రాలేదు. ఊరికే కూర్చోవడం చేతకాక కెమెరాను స్టాండు మీద పెట్టి ఆకాశం వైపు తిప్పి, అయిదు సెకన్లు తెరిచి ఉంచాను. ఫోటోలో వరుసగా మూడు చుక్కలు పడ్డాయి, మా వైపు గొల్లకావిడి అంటారు. వాటి కింద ఆవగింజంత గులాబీ మరక. నలుగు పెట్టిన చేతులతో ఏ వదినో లెన్స్ ముట్టుకుంది అనుకున్నాను. తుడిచి మళ్లీ తీశాను. ఉంది. చొక్కా కొసతో, తర్వాత పెళ్లికొడుకు కండువాతో కూడా తుడిచాను. అయినా ఉంది.

ఇంటికొచ్చి ఫోన్‌లో వీడియోలు చూస్తే తెలిసింది, దాన్ని నీహారిక అంటారని, చుక్కలు పుట్టే మబ్బు అని. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. ఆకాశం పాఠం తొమ్మిదిలో ఉందేమో, దాని తప్పేం లేదు.

ఆ ఫోటో మా ఇంటామెకు చూపించాను. ఇంట్లో మగ్గం ఆమెది. ఇన్నేళ్లలో ఆమె నేసిన చీరల్లో ఒక్కదాని రంగూ ఆమె ఎంచుకున్నది కాదు. నూలు, పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే సేటు ఏ రంగు పంపితే అదే. ఆ వారం మాత్రం ఆయన ఏ ధ్యాసలో ఉన్నాడో, "ఈసారి రంగు నువ్వే సెప్పమ్మా. సోమారం అద్దకానికి పంపుత. మంచిగుంటే ముంగట నేసేటియి గూడ నువ్వే సెప్పు. లేకుంటే నేను పంపిందే నెయ్యి" అని పోయాడు. అప్పటినుంచి ఆమె కళ్లకు రంగు తప్ప ఏదీ కనబడటం లేదు. వంకాయల్ని కూడా వెలుతురుకు పట్టి చూస్తోంది.

ఫోటో చూసి ఆమె చేతిలో నూలు కండె ఆగిపోయింది.

"నాకు గీ రంగే గావాలె."

"ఏది, ఆ మరకనా?"

"మరక గాదు. గిది గులాబీ గాదు, ఊదా గాదు. గిట్లాంటిది సేటు కాడ లేదు. జర పెద్దగ జేసి సూపియ్."

పెద్దగా చేస్తే అన్నీ గళ్లే.

"గిది చీరనా, బాత్‌రూం గచ్చా? మంచిగ తియ్యి. సోమారానికి నాల్గు దినాలున్నయ్."

మళ్లీ గట్టుకు పోదాం అంటే మగ్గం మీది చీర ఆదివారానికి దింపాలి, ఆమె కదలదు. తాను దగ్గర లేకుండా తీసిన రంగును నమ్మదు. అందుకే మా పెరడే దిక్కయింది.

మా పెరటి గురించి చెప్పాలంటే, రాత్రి ఎనిమిదింటికి అక్కడ సూదిలో దారం ఎక్కించవచ్చు. తూర్పున ఫంక్షన్ హాలు. ఎదురుగా వీధి దీపం. దక్షిణాన పక్కింటి అవ్వ తన కోళ్లగూటి మీద పెట్టించుకున్న ఫోకస్ లైటు. గొల్లకావిడి వరకు కనబడుతుంది, అది కూడా మొహమాటంగా.

గురువారం వీధి దీపం సంగతి చూశాను. రెండు కర్రలు పాతి, ఆమె పాత నల్లచీరను అడ్డంగా కట్టి, దాని చాటున కూర్చుని తీశాను. ప్రతి ఫోటోలోనూ మూలనుంచి మూలకు ఒక బంగారు చార. తోకచుక్క దొరికిందని గంట సేపు సంబరపడ్డాను. గద్వాల చీరకు జానెడు జరీ అంచు ఉంటుందని గద్వాలలో పుట్టి మరిచిపోయింది నేనొక్కణ్ణే. ఎంత నల్లచీరైనా అంచు మీద పడ్డ వెలుతురును అద్దంలా లెన్స్‌లోకి కొట్టింది.

"మీ చీకటికి గూడ అంచు లేకుంటే నడవదానే?" అన్నాను.

"కట్టుడు రాక చీరను అంటవేంది? అంచు అవతలికి మడువు" అని ఆమే వచ్చి కట్టింది.

శుక్రవారం అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, గంట సేపు ఆ లైటు బంద్ జేస్తవా? చుక్కల ఫోటో తీస్తున్న."

"చుక్కలకేం పెండ్లిరా?"

"అంతే అనుకో."

"పిల్లి వచ్చి నా కోడిని వట్టుకపోతే?"

"నేను కావలుంట గదా."

"నువ్వు పైకి సూస్తుంటవ్, పిల్లి కింద నడుస్తది. నీ పెండ్లాన్ని కూసొమ్మను, బంద్ జేస్త."

అలా మా ఇంటామె కర్ర పట్టుకుని కోళ్ల గూటికి ఎదురుగా, నేను కెమెరా పట్టుకుని గొల్లకావిడికి ఎదురుగా కూర్చున్నాం. చుక్కలు నడుస్తాయి కాబట్టి, దగ్గరికి లాగే పెద్ద లెన్స్‌తో రెండు సెకన్లకు మించి తెరిస్తే సాగిపోతాయి. రెండేసి సెకన్లవి వందలు తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు మరక తేలుతుంది.

"ఎన్ని దీసినవ్?" అని చీకట్లోంచి అడిగింది.

"ఆరొందలు. వేలు నొస్తుంది."

"ఆరొందలకేనా? నా పడుగుల వేల పోగులుంటయ్. ఎన్నడన్న ఏలు నొస్తుందన్ననా?"

పిల్లి రాలేదు. కోళ్లు మాత్రం ఇద్దర్నీ అనుమానంగా చూస్తూ కూర్చున్నాయి.

శనివారం కంప్యూటర్ అన్నింటినీ పేర్చి ఇచ్చింది. మరక పెద్దదైంది, రెక్క విప్పిన పిట్టలా. కానీ ఊరి వెలుతురంతా దాని మీద పడి మొత్తం ఎర్రగా, జిడ్డుగా ఉంది.

"అయిజ సంతల మిర్చి బజ్జీ లెక్కుంది" అంది.

అప్పుడు నా వృత్తిబుద్ధి లేచింది. పెళ్లికూతురిని మౌస్‌తో ఒక గీత జరిపి తెల్లగా చేయడంలో నన్ను మించినవాడు నాగర్‌కర్నూల్ వరకు లేడు. ఎరుపు తగ్గించాను, ఊదా పెంచాను, మెరుపు పెంచాను. మరక రాణీ గులాబీలో భగ్గుమంది. ఆమె వచ్చి చూసి ఊపిరి బిగబట్టింది.

"నిజంగ గిట్లనే ఉన్నదా?"

"ఉంది" అన్నాను.

ఆ రోజంతా ఆమె నన్ను తిట్టలేదు. అన్నంలోకి అడగకుండానే నెయ్యి వేసింది. మగ్గం ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంది. నెయ్యి గొంతు దిగలేదు. తిట్లయితే ఎన్నైనా దిగుతాయి.

సాయంత్రం చెప్పేశాను. "ఆ రంగు నేను జరిపింది. ఇంకో జర జరిపితే పచ్చగ గూడ అయితుండె."

"మరి అసలు రంగేంది?"

"నాకు తెల్వదు."

ఆ మాట నా నోట ఆమె ఎప్పుడూ వినలేదు. కోప్పడటం మానేసి నా మొహంలోకి చూసింది. "నా చీరను గూడ నీ పెండ్లికూతురిని జేసినవా? సేటు నన్నడిగిండు, నిన్ను గాదు. రేపు ఎవరన్న గిది యాడిదని అడిగితే నేనేం జెప్పాలె?" అంది. మెల్లగానే అంది.

దారి కూడా ఆమే చూపింది. "గట్టుల దీసిన దాంట్ల ఊరి లైట్లు లేవు గదా. చిన్నదైతేంది? దాన్ని పక్కన వెట్టి, దీని రంగు దాని లెక్క జెయ్యి. అంతకు మించి ముట్టకు."

అలాగే చేశాను. ఆవగింజను పక్కన పెట్టుకుని, రెండూ ఒకటయ్యే వరకు జరిపి చేయి తీసేశాను. రాణీ గులాబీ కాదు. బాగా ఉతికిన గులాబీ, నీళ్లలో కలిసీ కలవనట్టు.

"ఇగ నా కంటికి సూపియ్" అంది.

ఆదివారం పొద్దుగూకే సరికి చీర దింపింది. అవ్వ మళ్లీ లైటు ఆపింది. ఈసారి కర్ర నా చేతికొచ్చింది. ఆమె కెమెరాకు కన్ను ఆనించింది, నేను గురిపెట్టి ఇచ్చాను.

"రంగు లేదేందయ్యా?"

"మన కంటికి అంతే దొరుకుతదంట. కెమెరా అయితే వెలుతురును కూడబెట్టుకుంటది."

"బూడిద లెక్కుంది. పొయ్యిల బూడిద గాదు. కట్టె గాలినంక పైకి లేస్తది సూడు, గది." మళ్లీ చూసింది. చివరికి కన్ను తీయకుండానే చెప్పింది. "ఒంటికి గీ బూడిద. అంచుకు నీ డబ్బకు కనవడ్డ గులాబీ. రెండూ నిజమే గదా."

మా దగ్గర చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. వేరువేరుగా అద్దిన రెండు రంగుల్ని నేసేటప్పుడే పోగులో పోగు మెలేసి కలుపుతారు. ఒక చీరకు రెండు నిజాలుండటం ఆమెకు కొత్తేం కాదు. నాకే కొత్త.

సోమవారం సేటు మొహం చిట్లించాడు. "బూడిద రంగా? పెండ్లిల ఎవరు గడ్తరమ్మా?"

"మీరే గదా సెప్పుమన్నరు."

మాట ఇచ్చినవాడు కదా, గొణుక్కుంటూనే పంపాడు. నూలూ పట్టూ రంగు అద్దుకొని వచ్చాయి, పడుగు ఎక్కింది. రోజూ మగ్గం చప్పుడు వింటూ నేను మాత్రం లెక్కలేనన్ని సార్లు భయపడ్డాను. ఆ గులాబీ కొంచెం తక్కువైందేమో, నేనే ఇంకొంచెం జరిపి ఉండాల్సిందేమో అని. ఆ గులాబీ సరైనదేనా అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

చీర సగానికి వచ్చినప్పుడు సేటు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అంచు కలిసే చోట వేలు పెట్టి రుద్దాడు, వంగి కిందివైపు నుంచి చూశాడు, కిటికీ తెరవమని మళ్లీ చూశాడు. ఆమె పాదం మగ్గం తొక్కుడు కర్ర మీదే ఆగి ఉంది.

"ముంగటి చీరకు ఏ రంగు పంపాలె?" అన్నాడు.

అంతే. ఆమె ఆయనకు జవాబు చెప్పకుండా నా వైపు తిరిగింది.

"ఏమయ్యా, పైన ఇంకేమున్నయ్?"

"గొల్లకావిడి పడమటికి దిగిపోయింది. దక్షిణం దిక్కు గసొంటి మబ్బే ఇంకోటుంది. కాని అది తెల్లారగట్ల మూడింటికి గని రాదు."

"నన్ను లేపు" అంది.