బోణీ కాకముందు

నిన్న ఫ్రిజ్‌లో మూలన మరిచిపోయిన పనీర్ ప్యాకెట్ విప్పగానే పుల్లటి కుళ్లు వాసన గుప్పుమంది. అమెరికాలో ఐసెలిన్ అనే ఊళ్లో మా నాన్న నడిపిన కిరాణా కొట్టు వెనక గది వాసన అది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. డేటు దాటిన పనీర్‌ను చెత్త డబ్బాలో పడేయడం శనివారాల్లో నా పని. ఒక శనివారం పొద్దున, కొట్టులో బియ్యం బస్తాలు మోసే రాములు అంకుల్ ఆ డబ్బాలోంచి రెండు ప్యాకెట్లు తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. నాన్న చూశారు.

"బోణీ కాకముందే చెయ్యి పెట్టావు కదరా, దరిద్రుడా!"

మధ్యాహ్నమైతే తిట్టి వదిలేసేవారు. ఆ పొద్దున పోలీసులను పిలిచి, షెల్ఫ్‌లో సరుకు దొంగిలించాడని చెప్పారు.

"చెత్తల పడేసిందే తీసుకున్న సేటూ. పాపనడుగుండ్రి," అన్నాడు అంకుల్.

"నువ్వేమైనా చూశావా, స్వీటీ?" అని పోలీసు ఇంగ్లీషులో నన్నడిగాడు.

నాకదంతా బేరంలా కనిపించింది. బేరంలో మనం ముందు నోరు విప్పకూడదని నాన్న నేర్పారు. నాన్నే ముందు పెద్ద మాట అనేశారు కాబట్టి కాసేపటికి తనే దిగొచ్చి అంకుల్‌ను వదిలేస్తారనుకుని, గడుసుగా పెదవులు బిగించాను.

పాత కేసు కూడా ఉండడంతో అంకుల్‌కు రెండు నెలల జైలు పడింది.

"సగానికి తగ్గించరా, నాన్నా?" అని అడిగాను.

"నా కూతురివనిపించావే!" అని నాన్న మురిసిపోయారు.

ఇప్పటికీ కారు కొనేటప్పుడు స్నేహితులు నన్ను వెంటబెట్టుకెళ్తారు, ముందు నోరు విప్పనని. వాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా ఆ పనీర్ వాసన నా నోట్లోంచే వస్తున్నట్టుంటుంది.