బోడికళ్ళు, ఆముదం

మా పెదనాన్న కూతురి మీద నాకు ఇప్పటికీ కోపమే. పోనీలే అనుకునే గుణం నాది కాదు.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరక్క ఇంటింటా మళ్ళీ ఆముదం దీపాలు వెలిగాయి. మంగళగిరిలో మా పెరట్లో మగ్గం మీది పడుగు నూలుకు పెట్టే గంజి కాస్తున్నాను. అక్క వెనకనుంచి వచ్చి పొయ్యిలోకి దోసెడు ఊక విసిరింది. మంట భగ్గున లేచి నా రెప్పల వెంట్రుకలన్నీ మాడిపోయాయి. అయ్యో అనాల్సింది పోయి పడీ పడీ నవ్వి, "బోడికళ్ళదానా!" అంది. వారం తిరక్కుండా వీధి వీధంతా అదే పిలుపు. దీనికొచ్చే సంబంధం చెడగొట్టకపోతే నా పేరు మార్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

నాయనమ్మ రోజూ సాయంత్రం గోరువెచ్చని ఆముదంలో నూలుపోగు ముంచి, పిండి, కంట్లో పడకుండా నా రెప్పల అంచున రాసేది. మూడు నెలలకు వెంట్రుకలు వచ్చాయి, మునుపటికంటే ఒత్తుగా. అవి వాటంతటవే వస్తాయనీ, ఆముదం మెరుపుకే ఒత్తుగా కనిపిస్తాయనీ తర్వాతెప్పుడో ఒక డాక్టరుగారు అన్నారు. అననీండి. అక్క మాత్రం కుళ్ళిపోయింది.

ఇంతలో తనకు బెజవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు వాళ్ళ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు పది రోజులుందనగా నా దగ్గర చేరింది.

"ఏం రాశావే? నాకూ చెప్పవే, మా అమ్మవు కదూ!"

"ఉత్త ఆముదం చాలదక్కా. ముందు మొదలంటా కత్తిరించాలి. పిల్లలకు గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా రావట్లా? అట్టాగే. నీవి మాడినవి కాదుగా, వారంలో వచ్చేస్తాయి."

నూలు పోగులు తుంచే కత్తెర నేనే తెచ్చిచ్చాను. నమ్మి కత్తిరించుకుంది!

పెళ్ళిచూపుల నాడు తలుపు చాటున నిలబడి ఎదురు చూశాను. అక్క సిగ్గుతో చచ్చి, ఏమడిగినా తలెత్తలేదు. పెళ్ళికొడుకు తల్లి మురిసిపోయింది. "ఎంత అణకువండీ! ఈ రోజుల్లో ఇట్టాంటి పిల్ల ఎక్కడ దొరుకుద్ది?" అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు. నా కడుపు మండిపోయింది.

కత్తెర సంగతి నాయనమ్మ పసిగట్టింది. ఎవరికీ చెప్పలేదుగానీ ఆముదం గిన్నె నా చేతిలో పెట్టింది.

"కత్తిరించమంది నువ్వేగా. పెళ్ళిదాకా నువ్వే రాయి."

పళ్ళు నూరుకుంటూ మూడు నెలలు రాశాను. పీటల మీద అక్క కళ్ళెత్తితే రెప్పల వెంట్రుకలు నావాటికంటే పొడుగ్గా ఉన్నాయి.

అత్తారింటికి బండెక్కబోతూ నన్ను కావలించుకుని చెవిలో అంది: "అంతా నీ చేతి చలవేనే, బోడికళ్ళదానా!"

నాకు ఏడుపు ఆగలేదు. అక్క వెళ్ళిపోతోందని ఏడుస్తున్నాననుకుని అందరూ నన్ను ఓదార్చారు.