మామ అద్దిన దుమ్ము

మా చిన్నమామ పోయిన సంగతి పెద్దమామ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌తో తెలిసింది. మధ్యాహ్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. సాయంత్రానికల్లా మెదక్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో పోయిన తమ్ముడి కంటే దండం పెడుతున్న అన్న పెద్దగా ఉన్నాడు. తమ్ముడి చావులో కూడా ముందు వరస వదులుకోని మనిషి మా పెద్దమామ.

చిన్నమామ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఊరికి తెలిసింది అంతే. ఇంటి వెనక గదిలో మాత్రం అరచేతిలో పట్టే రేసు కార్లు తయారు చేసేవాడు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, అతుకు కనపడకుండా గరుకు కాగితంతో రుద్ది, రంగు మీద రంగు వేసి అద్దంలా మెరిపించేవాడు. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. కూర్చుని ఆ మెరుపును చంపేవాడు.

"రేసు నుంచి వచ్చిన బండి పెండ్లికొడుకు లెక్క ఉంటదా బిడ్డా?" అనేవాడు నాతో.

ఎల్దుర్తి ఎర్రమట్టి, శంకరంపేట బాటలోని తెల్లదుమ్ము పల్చటి బట్టలో జల్లించి మందు సీసాల్లో దాచుకునేవాడు. ఊపిరి బిగబట్టి కుంచె కొసతో చక్రాల వెనక, తోక దగ్గరి రెక్క కింద కొంచెం కొంచెం అద్దేవాడు. ఒక్కో కారుకు నెలలు పట్టేది. పైన వార్నిష్ వేస్తే చెదరదు కదా అని ఒకసారి అడిగాను.

"వార్నిష్ కొడితే దుమ్ము చచ్చిపోతది. గప్పుడది ఉత్త మరక."

అందుకే వాటిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒక వస్తువును నిదానంగా చూడటం నాకు నేర్పింది ఆయనే. ఆ రుణం నాకు ఎప్పటికీ ఉంటుంది.

మా బంధువులకు ఇదంతా పిచ్చి. వాళ్ళకు కళ అంటే షోకేసులో కవరు విప్పని తాజ్‌మహల్. పెద్దమామయితే కొత్త కారు సీట్లకు ప్లాస్టిక్ కూడా తీయకుండా తిరిగేవాడు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నిలబడి, "ఏమిరా, ఇంక బొమ్మలతోనే ఆడుతున్నవా?" అనేవాడు. ఆయన అటు పోగానే చిన్నమామ నవ్వేవాడు. "మా అన్న కారు యాడికీ పోదు బిడ్డా. గందుకే గంత మెరుస్తది."

మైల కడిగే రోజు పొద్దున్నే వెళ్ళాను. ఆ కార్లు నన్నే తీసుకుపొమ్మని చిన్నత్త ఫోన్‌లో చెప్పింది. ఆయన చేయి తగిలినవి ఇంకేమీ మిగల్లేదు నాకు. వాకిట్లో గిన్నెలు, బట్టలు, పీటలు అన్నీ నీళ్ళలో ఉన్నాయి. పక్కన టబ్బులో సర్ఫు నురగ. పెద్దమామ పాత టూత్‌బ్రష్‌తో చిన్నమామ చేసిన కారొకటి తోముతున్నాడు.

"ఏం చేస్తున్నవు మామా?"

"చూడు బిడ్డా, ఎంత దుమ్ము పట్టినయో. మా తమ్మునికి తుడ్సుకునే ఓపిక లేకపాయె. లీడర్లొస్తుండ్రు, ఫొటో ముంగట పెడదాం."

కడిగిన కార్లన్నీ తువ్వాలు మీద తళతళలాడుతున్నాయి. ఎర్రనీళ్ళు మోరీలోకి పోతున్నాయి. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తమ్ముడి గదిలోకి అడుగుపెట్టి ఉంటే తెలిసేది ఈ మనిషికి. ఆయన చేతిలో ఉన్నది గుంజుకున్నాను. కడగడానికి మిగిలింది అదొక్కటే.

తలుపు దగ్గర నిలబడ్డ అత్త మెల్లగా అంది, "చెప్పిన బిడ్డా. ఇనలే."

భోజనాల దగ్గర పెద్దమామ లీడర్లకు చెబుతున్నాడు. "మా తమ్ముడు పెద్ద ఆర్టిస్టు. అద్దం లెక్క పెట్టుకునేటోడు అన్నిటిని." లీడర్లు కార్లను చూసి తలలూపారు.

నేను గుంజుకున్న కారు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఒక పక్క పెద్దమామ కడిగేశాడు, ఇంకో పక్క చిన్నమామ అద్దిన దుమ్ము మిగిలింది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి "జర తుడవరాదా" అంటారు. నేను తుడవను. కడిగిన పక్కన ఇప్పుడు ఇంటి దుమ్ము పేరుకుంటోంది. ఎంత పేరుకున్నా ఆ పక్క నుంచి చూస్తే కారు బల్ల మీదే ఉంటుంది. ఈ పక్క నుంచి చూస్తే మాత్రం, ఎక్కడి నుంచో వచ్చి ఇప్పుడే ఆగినట్టుంటుంది.