డబ్బాలో ఉండిపోయిన ఏడుపు

సినిమా బొమ్మ ఎందుకు ఆడుతుంది, ఎందుకు పోతుంది అన్న సంగతి మీద హైదరాబాదులో పెద్దపెద్దవాళ్లు కుర్చీలేసుకుని మాట్లాడుకుంటారని విన్నాను. నన్నెవరూ పిలవలేదు. అది వాళ్ల నష్టం. ఎందుకంటే ఆ రహస్యం నాకు తెలుసు. మెదక్‌లో మా మామ టూరింగ్ టాకీసు డేరా వెనక, ఒక చిక్కుడు తీగ పక్కన నిలబడి నేర్చుకున్నాను.

అప్పటికి నేను పట్నంలో చదువు సగంలో ఆపేసి, మిగతా సగం ఏం చేసుకోవాలో తోచక మా మేనమామ దగ్గర చేరాను. టాంగాలో కూచుని, మైకు పట్టుకుని, ఊరంతా తిరుగుతూ బొమ్మ గురించి అరవడం నా పని. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికైతే నువ్వెందుకని మామ మొదటిరోజే తేల్చేశాడు. దాంతో బొమ్మలో ఒక గుర్రం ఉంటే నా నోట్లో అది గుర్రాల దండయ్యేది. తెర మీద నాలుగు చినుకులు పడితే నా మైకులో చెరువులు తెగేవి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇక్కడ చెప్పేదాంట్లో మీకెక్కడైనా ఎక్కువనిపిస్తే కాస్త తగ్గించుకుని చదువుకోండి. చిక్కుడు తీగను మాత్రం తగ్గించొద్దు. అది నిజంగానే అంత ఉండేది.

మా మామ మీసం ముందు వచ్చేది, పావుగంట తర్వాత మామ వచ్చేవాడు. ఆయన డేరాకు ఎన్ని అతుకులు పడ్డాయంటే అందులో అసలు గుడ్డ ఏదో దాన్ని కుట్టినవాడు కూడా చెప్పలేడు. ముందు నేల, తర్వాత బెంచీలు, చివర నాలుగు కుర్చీలు. మధ్యలో నిలువునా ఒక పరదా. ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఆపరేటరు ఇంకో రీలు ఎక్కించేలోగా పిల్లలు పాలు తాగేవారు, పెద్దలు పల్లీలు కొనేవారు, బొమ్మ బతుకుతుందో చస్తుందో పరదాకు అటూ ఇటూ తీర్పయిపోయేది.

అత్త, అంటే మా మామ భార్య, పెళ్లాడింది మామనే గాని కాపురం చేసింది డేరాతో. అది ఏ ఊరు పోతే ఆమె పొయ్యి ఆ ఊరు పోయేది. అల్లాదుర్గ్‌లో తోటకూర చల్లితే మొలక చూసి బండెక్కింది. నర్సాపూర్‌లో బీర పెడితే పూత చూసి బండెక్కింది.

“ఈ జిల్లాల నేను పెట్టిన కూర అందరు తిన్నరు అల్లుడా. నేనొక్కదాన్నే తినలె,” అనేది నాతో.

మెదక్‌లో డేరాకు ఆనుకునే ఒక అర్ర కిరాయికి దొరికింది. వానలు పడగానే అత్త డేరా గుంజ మొదట్లో చిక్కుడు గింజ పెట్టింది. ఆ తీగకు పందిరి అక్కర్లేకపోయింది. డేరా తాడు పట్టుకుని పాకింది, అతుకుల మీద అల్లుకుంది, ఒక కొస పైకి లేచి చర్చి గోపురంతో పోటీకి కూడా దిగింది. కార్తీకం వచ్చేసరికి మా టాకీసుకు ఒక పక్కంతా ఊదారంగు పూత. బొమ్మలకంటే ఆ పూతనే చూసేవాళ్లు ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆ నెలలో బొమ్మలను చూసేవాళ్లే లేరు. రెండు వరసగా పోయాయి. మూడోదీ పోతే డేరా లేపి నర్సాపూర్ పోవడమే అని మామ ఎడ్లబండ్లవాళ్లకు ముందే చెప్పిపెట్టాడు.

“పిందె పడ్డదయ్యా. ఒక్క నెల ఆగరాదు,” అంది అత్త.

“నేనాగుతనే. బొమ్మ ఆగాలె గద,” అన్నాడు మామ.

ఆ మూడో బొమ్మ డబ్బాలు హైదరాబాదు బస్సు మీద దిగాయి. వీరుడి బొమ్మ. జబ్బకు మంత్రాల కడియం తొడుక్కుని ఆకాశంలో ఎగురుతాడు, కొండనెత్తుతాడు, రాక్షసులను గడ్డిమోపుల్లా విసిరేస్తాడు. మామ ట్రయల్ వేయించుకుని చూశాడు. వీరుడు ఎగిరినప్పుడల్లా మామ మీసం కూడా కాస్త లేచింది. నడుమ ఒక రీలు రాగానే దిగిపోయింది. అందులో వీరుడి కడియం పోతుంది. వాడు చిక్కిపోయి కన్నతల్లి దగ్గరికి వస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు. అంతే.

“గీ రీలు తీసెయ్,” అన్నాడు మామ.

మా ఆపరేటరు చర్చి పక్క వాడలో ఉండేవాడు. ఆదివారం పొద్దున చర్చిలో పాడేవాడు. ఆ గొంతు అక్కడ మొదలైతే కోట మీద పావురాలు లేచేవి. అదే గొంతును చిన్నది చేసుకుని, “కథ తెగుతది సేటు,” అన్నాడు.

“కథ తెగితే తెగనీ. కత్తి తిరుగుతుండాలె.”

ఆ రీలు డబ్బా మా అర్రలోకి వచ్చింది. అందులో ఏముందో అత్తకు ఎవరూ చెప్పలేదు. గుండ్రంగా, బరువుగా, ఎలక కదపలేనట్టుగా ఉందని దాన్ని బియ్యం కుండ మీద మూతగా పెట్టుకుంది. మెదక్ మొత్తం మీద ఆ కుండకు సరిపోయిన మూత అదొక్కటే.

నేను టాంగా ఎక్కి గొంతు చించుకున్నాను. మన వీరుడు కోట మీదుగా ఎగిరి చర్చి గంట కొట్టి పోతాడని కూడా చెప్పాను. మొదటిరోజు గొంగళ్లు కప్పుకుని ఊళ్లకు ఊళ్లు దిగాయి. వీరుడు మొదటిసారి ఎగిరితే ఈలలు. రెండోసారి ఎగిరితే చప్పట్లు. మూడోసారి ఎగిరేసరికి ఒక మూల నుంచి పటుక్కుమంది. ఎవరో పల్లీ ఒలిచారు. ఆ వెంటనే ఇంకొకరు. కొండనెత్తే వేళకు డేరా అంతా ఒకటే పటపట, రేకుల మీద రాళ్లవాన కురిసినట్టు. రాక్షసుడి మాటలు ఒక్కటీ వినబడలేదు.

పల్లీలమ్మే అవ్వ ఖాళీ బుట్ట బోర్లించుకుని మామ దగ్గరికి వచ్చింది.

“మస్తు బొమ్మ తెచ్చినవు సేటు! నా బుట్ట ఎన్నడు గిట్ల ఖాళీ కాలె!”

మామ మురిసిపోయాడు. పల్లీల చప్పుడంటే చావు కబురని మాకప్పుడు తెలియదు. మర్నాడు సగం డేరా నిండింది. ఆ మర్నాడు కుర్చీలో ఒక కుక్క పడుకుంటే లేపవలసిన అవసరం రాలేదు. వీరుడు కొండనెత్తుతుంటే నేలలో ఒకాయన ఆవులించాడు. ఆ ఆవులింత వెంటనే మిగిలినవాళ్లందరికీ పాకింది. నేను కూడా ఆవులించాను, జీతగాణ్ణయి ఉండీ.

మామ కబురు పంపాడు. ఎడ్లబండ్లవాళ్లిద్దరు పొద్దున్నే వచ్చి డేరా చుట్టూ తిరిగి తాళ్లు చూసుకున్నారు. అర్ర వైపు వచ్చి ఆగిపోయారు.

“సేటూ, గీ పక్క తాడే కనవడ్తలేదు. తీగ కోసెయ్యాలె.”

“కొయ్యి,” అంది అత్త గడపలోంచి. “ముందుగాల నా చెయ్యి కొయ్యి, తర్వాత దాన్ని కొయ్యి.”

“మాకేమెరుక అక్కా, సేటు రమ్మంటె వచ్చినం.”

“ఎల్లుండి రాండ్రి,” అన్నాడు మామ, ఎటో చూస్తూ.

అత్త మామూలుగా ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపేసి వంటకు వెళ్లిపోయేది. ఆ సాయంత్రం వెళ్లలేదు. లోపలికొచ్చి ఆడవాళ్ల మధ్య కూచుంది. నేనెరిగినంతలో ఆమె ఒక బొమ్మకు కూచోవడం అదే మొదటిసారి. రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. పరదా అవతల నుంచి మాటలు ఇటు దాకా వినబడ్డాయి.

“గీనికి తల్లి లేదా?”

“మొదట్ల ఉండె. గడప కాడ నిలవడి పంపింది గదా.”

“మల్ల ఏమైంది?”

“ఏమో. కొండలు మోసెటోనికి తల్లెందుకనుకున్నరేమొ.”

“అన్నం తినడు, నీళ్లు తాగడు. దెబ్బ తగలదు, చెమట రాదు. గీని కోసం ఇంత చలిల కూసునుడెందుకే, పా.”

లేచిపోయారు కూడా. వాళ్ల వెనకే అత్త గేటు దగ్గరికి వచ్చి మామ ముందు నిలబడింది.

“గా పిల్లగాని తల్లేది?”

“తీసేసిన.”

“తీసేస్తె ఏడికి పోయింది?”

మామ ఒకసారి నా వైపు చూశాడు. నేను మైకు తుడుచుకుంటున్నాను. ఆ మైకు అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

“ఇంట్లనే ఉన్నది,” అన్నాడు. “నీ బియ్యం కుండ మీద.”

“వాని తల్లిని తెచ్చి నా బియ్యం కుండకు మూత పెట్టినవా!”

“ఒట్టి ఏడుపు రీలే అది! ఎగురుడు లేదు, కొట్లాట లేదు. వీరుడు ఏడుస్తె ఎవడు చూస్తడు?”

“ఏడ్వకుంటె ఎవతి చూస్తది? ఇంతసేపు కూసున్న. వాడు గెలుస్తడని మొదటి రీలులనే తెలిసింది. ఇగ నాకేం పనుంది వానితోని? జర పరేషాన్ కానీ వాణ్ణి. జర ఆకలి కానీ.”

ఆపరేటరు తన ప్రొజెక్టరు గుడారంలోంచి తల బయటపెట్టి, “నేను ముందే అన్న సేటు,” అన్నాడు. మామ చూసిన చూపుకు ఆ తల లోపలికి పోయింది.

మర్నాడు అత్త ఆ డబ్బాను కొంగుతో తుడిచి, అంటుకున్న బియ్యపు నూకలు కూడా దులిపి, తానే తీసుకెళ్లి ఆపరేటరు చేతిలో పెట్టింది. నాకు కొత్త చిక్కొచ్చింది. వీరుడు ఎగురుతాడని ఊరంతటికీ చెప్పేశాను. ఇంకా పైకెగరేద్దామంటే ఆకాశం అయిపోయింది. ఇక మిగిలింది కింద పడేయడమే. టాంగా ఎక్కి మైకు అందుకున్నాను.

“అయ్యలారా! అమ్మలారా! మన వీరుడు ఈ రోజు నుంచి దెబ్బలు తింటడు! కడియం పోతది! కండలు పోతయి! కన్నతల్లి గడప కాడ చెయ్యి చాస్తడు! తల్లే గుర్తువట్టదు! రాండ్రి, దస్తీలు తెచ్చుకోండ్రి! దస్తీ లేనోళ్లు పక్కోళ్ల కొంగు అడగొద్దు!”

మిషన్ దవాఖానా దగ్గర ఒక నర్సమ్మ టాంగా ఆపింది.

“ఏమయిందయ్యా? మొన్నటిదాక ఎగిరిండు గదా.”

“పడ్డడక్కా. మీరొచ్చి చూడాలె.”

“దెబ్బలు మస్తుగున్నయా?” అని అడిగి, ఆ రాత్రి ఆటకు నిజంగానే వచ్చింది.

ఆ రీలు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. వీరుడు గడ్డం పెరిగి, బట్ట చినిగి వాకిట్లో నిలబడ్డాడు. తల్లి బిచ్చగాడనుకుంది. ఆకులో ఇంత జొన్న గట్క పెట్టింది. వాడు గబగబా నోట్లో పెట్టుకోబోతే, చేతులు కడుక్కోవేం, నా కొడుకు కూడా నీలాగే కడుక్కునేవాడు కాదు అని గదమాయించింది. అంతే. రాక్షసుల తలలు కొట్టిన చేతులను వీరుడు వెనక దాచుకున్నాడు. ఆ దాచుకోవడం చూసి తల్లి గుర్తుపట్టింది, ఇద్దరూ ఏడ్చారు.

లైట్లు వెలిగాయి. ఎవరూ లేవలేదు. ఎవరూ దగ్గలేదు. డేరాలో అంతమంది ఉండగా తీగలోని కీచురాయి వినబడింది. పల్లీల అవ్వ నిండు బుట్టతో నడుమ నిలబడి, అమ్మడం మరిచి, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. పరదా అవతల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ పారిన నీళ్లు కాలువ తీస్తే ఒక మడి తడిసేది. మగవాళ్ల వైపు అందరికీ ఒక్కసారే కంట్లో నలక పడింది. మామ కంట్లో రెండు పడ్డాయి.

తర్వాతి రీల్లో వీరుడు కొండనెత్తాడు. అదే కొండ. మొన్నటిదాకా అట్టముక్కలా ఊగిన కొండ. అది అట్టముక్కే, రంగు ఊడిన చోటు కూడా కనిపిస్తుంది. కాని ఆ రాత్రి అది రాయి. గట్క తిన్నవాడు ఎత్తుతున్నాడు గదా. నేలలో ఒకాయన లేచి నిలబడి, “ఎత్తు బిడ్డా! ఇంకింత!” అని అరిచాడు. అది మొన్న ఆవులించినాయనే. డేరా గుంజలు ఊగాయి, తాళ్లు ఊగాయి, తీగ ఊగింది. మామ పరుగెత్తి గుంజను కౌగిలించుకుని నిలబడ్డాడు.

“ఇట్లయితె నా పల్లీలెవరు కొంటరు సేటు?” అంది అవ్వ పోతూపోతూ. తర్వాత మాత్రం ఆట మొదలుకాక ముందే అమ్మేసుకుని, బుట్ట పక్కన పెట్టి ఏడవడానికి కూచునేది.

ఎడ్లబండ్లవాళ్లు చెప్పిన రోజుకే వచ్చారు. లోపల చోటు కోసం తోసుకుంటున్న జనాన్ని చూశారు. ఎడ్లను విప్పి, గడ్డి వేసి, టికెట్లు కొనుక్కుని నేలలో కూచున్నారు. ఆట విడిచాక ఇద్దరూ అర్ర దగ్గరికి వచ్చారు. ఒకడు కళ్లు తుడుచుకుంటూ, “తీగను ముట్టమక్కా,” అన్నాడు, అత్త అడగకుండానే. వట్టి బండ్లు తోలుకుపోయారు.

బొమ్మ ఆడింది. ఎంతగా ఆడిందంటే చూసినవాళ్లే చూసి, చివరికి వీరుడి కంటే ముందు వాళ్లే చేతులు దాచుకునేవారు. ఆ తర్వాత నేను ఎగిరే బొమ్మలు చాలా చూశాను. వీరుడు ఎంత పైకి పోయాడన్నది నేను చూడను. పక్కవాడు పల్లీలు ఒలుస్తున్నాడా లేదా అని మాత్రం చెవి పెట్టి వింటాను. ఆ లెక్క నన్నింతవరకూ మోసం చేయలేదు.

చలి ముదిరింది. ఒక మధ్యాహ్నం అత్త స్టూలెక్కి, డేరా తాడు నుంచి చిక్కుడుకాయలు తెంపి ఒళ్లో నింపుకుంది. ఆపరేటరును కూడా పిలిచింది. జొన్నరొట్టెలు చేసింది. అందరికీ పెట్టాక తాను కూచుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

చివరికి మామే నోరు తెరిచాడు.

“ఉప్పెక్కువైంది.”

“దినాం ఏడ్చి కండ్లు తుడుచుకున్న చేతులతోని వండితె గట్లనే అయితది,” అంది అత్త తల ఎత్తకుండా. “చేతులు కడుక్కున్నవా నువ్వు?”

మామ చేతులు వెనక దాచుకున్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వి లేచి కడుక్కొచ్చి, ఉప్పెక్కువైన కూరే మళ్లీ వేయించుకున్నాడు. ఆ పూట నేను ఎన్ని రొట్టెలు తిన్నానో చెబితే మీరు తగ్గించుకుని చదువుతారు. అందుకని చెప్పను.